వానకు మొలిచిన నాము

పోయిన నెల, ఉద్యోగంలో కొత్తగా చేరిన పశువైద్యులు కొందరు నన్ను చూడడానికి మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ వాళ్లలో ఒక అమ్మాయి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడిగింది. అడ్డం తిరిగిన దూడను బయటికి తీసి తల్లినీ పిల్లనూ బతికించిన సంగతి ఒకటి చెప్పాను. సంతోషపడి వెళ్లారు. నేను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే నేను మరిచిపోలేనిది అది కాదు. అసలుదాన్ని, ఇంకా మొదటి జీతం కూడా ఖర్చు పెట్టని పిల్లల ముందు చెప్పబుద్ధి కాలేదు. వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

నాది కడప జిల్లా. ఉద్యోగం చివరి ఏళ్లు మాత్రం కర్నూలుకు పడమటి దిక్కున, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక మండలంలో గడిచాయి. నల్లరేగడి నేల. కాలువ లేదు, చెరువు పేరుకే. పైనుంచి పడేదే నీళ్లు. మాదీ కరువు సీమే గనక నాకు కొత్తేమీ ఉండదనుకుని వెళ్లాను. అక్కడ మా ఆసుపత్రిలో అటెండరుగా ఉన్న పెద్దాయన మొదటి వారంలోనే ఆ ధీమా తీసేశాడు. ఆయన ఆ మండలంలోనే పుట్టి పెరిగిన సాయిబు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎన్ని గొడ్లున్నాయో ఆయనకు నోటికి వచ్చు.

"సార్, మా నాయిన కాలంలో కార్తె చెప్పి వాన వచ్చేది. ఇప్పుడు వాన మంత్రి మాదిరి అయిపోయినాది. వస్తానన్న రోజు రాదు. వచ్చిన రోజు దోవలన్నీ పాడు చేసి పోతాది" అనేవాడు.

నేను నవ్వేవాడిని. ఆ మాటలో ఎంత నిజముందో తెలియడానికి ఆ చివరి ఏడాది దాకా పట్టింది.

ఆ ఏడాది మృగశిర కార్తెలో మంచి వాన పడింది. ఊళ్లన్నీ విత్తనం వేశాయి. అందరిదీ పత్తే. ఎద్దులున్నవాళ్లు చేని అంచున కాస్త జాగాలో మేతకని జొన్న చల్లుకున్నారు. ఆ తర్వాత వాన మాయమైంది. ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది. మోకాలెత్తు లేచిన జొన్న అలాగే నిలబడి ఎండిపోయింది. పత్తి మొక్కలు రెండు ఆకుల మీద ఆగిపోయాయి. శ్రావణమాసం వచ్చేసరికి జనం సుగ్గికి బయల్దేరడం మొదలుపెట్టారు. ఆ పక్క వలసను సుగ్గి అంటారు. అసలు ఆ మాటకు పంట కోతల కాలమని అర్థం. పంట వాళ్లది కాదు, కోత మాత్రం వాళ్లది. పిల్లల్నీ బియ్యం మూటల్నీ ట్రక్కులోకి ఎక్కించుకుని గుంటూరు పక్క పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి పోతారు. మామూలుగా దసరా దాటాక పోయేవాళ్లు, ఆ ఏడాది వినాయక చవితికి ముందే పోసాగారు.

పోయేవాళ్లు ముందు గొడ్లను వదిలించుకుంటారు. సంత రోజున ఆసుపత్రి ముందు రోడ్డు మీద ఎద్దులు వరసగా పోతుంటే మా అటెండరు లోపలికి వెళ్లి కూర్చునేవాడు. అందులో చాలావాటికి దూడలుగా ఉన్నప్పుడు ఆయనే కాళ్లు పట్టుకుని ఉంటే నేను సూదులు వేశాను.

అట్లాంటి రోజుల్లో ఒక రైతు తన ఎద్దును మా దగ్గరికి తోలుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడడు. కాడి ఒరిపిడికి ఎద్దు మెడ మీద పుండు పడింది. కడిగి మందు రాస్తూ, "ఏమప్పా, దీన్ని సంతకు తోలే ముందు బాగు చేయించుకుంటున్నావా?" అన్నాను.

వెంట వచ్చిన భార్య అందుకుంది. పొడుగాటి మనిషి, బుగ్గన ఎప్పుడూ వక్కాకు ఉంటుంది.

"అమ్మడంట సార్. పోయినేడు మా అన్నోళ్ల ఇంటికాడ ఇడిసిపెట్టి సుగ్గికి పోతిమి. తిరిగొచ్చి చూస్తే రెండూ ఎముకల గూళ్లు. ఆపొద్దు ఒట్టు పెట్టుకున్యాడు, ఇంక ఇవి ఉన్నన్నాళ్లు ఊరు ఇడిసేది లేదని. ఒట్టు ఆయప్పది, నీళ్లు మోసే నడుము నాది."

"మేత ఎక్కడిదమ్మా?"

"యాడిది సార్! కొట్టం మింద కప్పిన బోద గడ్డి పీకి పెడుతుండా. ఇంగ కొన్ని రోజులకు వాసాలు కూడా తింటాయేమో."

భర్త ఎద్దు గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. భార్య మాటలకు సిగ్గుపడినట్టు కనిపించాడు గానీ ఒట్టు తీసి గట్టున పెట్టే రకం కాదని తెలుస్తూనే ఉంది. ఆమె కూడా ఎకసెక్కాలాడిందే తప్ప అమ్మేద్దామని అనలేదు. పోతూ పోతూ ఆసుపత్రి వెనక తొట్టిలో నీళ్లు చూసి, ఎద్దుకు కడుపు నిండా తాపి మరీ తీసుకెళ్లింది.

వాళ్ల ఊరికి నేను తరచుగా పోయేవాణ్ణి. వాళ్ల ఇంటి పక్కనే ఇంకొకామె ఉండేది. భర్త బేతంచెర్ల పక్క రాతి పనికి పోయి, దుమ్ము మింగి మింగి దగ్గు పట్టుకుని, ఆ దగ్గుతోనే పోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు, ఒక బర్రె. ఆ బర్రె అప్పుడు చూడితో ఉంది. ఈనితే పాలు హోటలుకు పోసుకుని సుగ్గికి పోకుండా గడుపుకోవచ్చని ఆమె ఆశ. ఈ ఇద్దరు ఆడవాళ్లకూ మాటల్లేవు. ఆ ఎండాకాలం కొళాయి దగ్గర ఒక బిందె నీళ్ల కోసం జుట్లు పట్టుకున్నారని మా అటెండరు చెప్పాడు. ఒకరి గుమ్మం ముందు ఒకరు ఉమ్మేసుకునేదాకా వెళ్లిందట.

పుబ్బ కార్తెలో వాన వచ్చింది. వచ్చిందనడం కూడా తప్పేమో. మీద పడింది. సాయంత్రం మొదలైతే మరునాడు మధ్యాహ్నం దాకా తెరిపి ఇవ్వలేదు. చెరువు కట్టలు తెగాయి, వంకలు ఊళ్లలోకి వచ్చాయి. రెండు నెలల ఎండకు నెర్రెలిచ్చిన మట్టి మిద్దెలు నానిపోయి కూలాయి. ఆ రైతు ఇల్లు నిలిచింది గానీ, పైకప్పు పీకేసిన పశువుల కొట్టం గోడ పడిపోయింది. అయినా ఎవరూ ఏడవలేదు. నేను ఆ వారంలో వెళ్లిన ప్రతి ఊళ్లోనూ జనం బురదలో నిలబడి నవ్వుతున్నారు. సుగ్గికి మూటలు కట్టుకున్నవాళ్లు విప్పుకున్నారు. "ఇంగ శనగ ఎయ్యొచ్చు సార్" అన్నారు. మా అటెండరు దర్గాలో చక్కెర చదివించి వచ్చి నా చేతిలో కూడా పెట్టాడు.

ఇక్కడ మీకు కొంచెం వృత్తి సంగతి చెప్పాలి. లేత జొన్నలో ఒక విషం ఉంటుంది. నీళ్లు లేక ఎండిన జొన్న ఒక్కసారిగా వాన తగిలి మొదట్లోంచి కొత్త పిలకలు వేస్తే, ఆ పిలకల్లో అది మరీ ఎక్కువ. దాన్నే నాము అంటారు. నాము మేసిన గొడ్డు రక్తం మామూలు కంటే ఎర్రగా కనిపిస్తుంది గానీ, ఒంట్లో ఏ కండా ఆ రక్తంలోంచి ఊపిరి తీసుకోలేదు. గంట తిరిగేలోగా అంతా అయిపోతుంది. వెంటనే నరానికి మందు ఎక్కిస్తే బతుకుతుంది. ఇది మీకు కాలేజీలో చెప్పారు. ఆ పల్లెల్లో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. అయినా నేను ప్రతి ఊళ్లో మైకులో చెప్పించాను. ఎండిన జొన్న చేలల్లోకి గొడ్లను పోనీయవద్దని, పూత దాకా ఆగమని. విన్నవాళ్లు తలూపారు. ఆ రైతు భార్య అయితే, "తెలుసు సార్. కండ్ల ముందర పచ్చగ ఉన్నా నోట్లో పెట్టుకోలేని కూడు అది" అంది.

తెలియకపోవడం వల్ల చచ్చిన గొడ్డు ఒక్కటీ లేదు ఆ ఏడాది. నెలల తరబడి బోద గడ్డి నమిలిన గొడ్లకు గాలిలో పచ్చి వాసన తగిలితే ఏమవుతుందో మైకుకు తెలియదు.

ఆ రోజు నేనూ అటెండరూ ఆ ఊరికి పక్కనున్న పల్లెలో గొర్రెలకు టీకాలు వేస్తున్నాం. వాన తర్వాత లేత గడ్డి మేసి గొర్రెలు చిటుకు రోగంతో పోతున్నాయని పొద్దున్నే వెళ్లాం. ఇంకా సగం మంద కూడా కాలేదు, ఫోను మోగింది. ఆ రైతు. ఎప్పుడూ మాట్లాడనివాడు గట్టిగా అరుస్తున్నాడు.

"సార్, పడిపోయినాయి సార్! గూటం పీక్కోని పోయి జొన్నలో పడినాయి. తొందరగ రా సార్!"

గోడ కూలిన కొట్టంలో కట్టడానికి వీల్లేక ఎద్దుల్ని బయట గూటాలకు కట్టాడు. అంతకు ముందు నెలలో అయితే ఆ గూటం దిగడానికే సుత్తి కావలసి వచ్చేది. ఇప్పుడు నేల నాని వెన్నముద్దలా ఉంది. పచ్చి వాసనకు ఎద్దులు తల విదిలిస్తే గూటాలు ఊడి చేతికొచ్చినట్టు వచ్చేశాయి. వాటిని చూసి పక్కింటి బర్రె కూడా పలుపు తెంచుకుని వెనకే పోయింది.

రెండు పల్లెలకూ మధ్య వంక ఉంది. ఎప్పుడూ ఇసుక తప్ప నీళ్లు చూడని వంక. ఆరోజు నడుము లోతు పారుతోంది. మోటారు సైకిలు గట్టున పడేసి, మందుల సంచి నెత్తిన పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దాటాం. మధ్యలో అటెండరు అన్నాడు, "సార్, హైపో ఎంతుంది?"

ఎంతుందో ఆయనకూ తెలుసు. నాముకు వాడే ఆ మందు ముందు రోజు ఇంకో ఊళ్లో ఖర్చయింది. దారులు తెగి కొత్తది ఇంకా రాలేదు. సంచిలో ఉన్నది ఒక పెద్ద గొడ్డుకు సరిపోతుంది, అంతే. వెనకటికి ఇలాంటప్పుడు ఆయన ఊళ్లోని ఫోటో స్టూడియోకు పరుగెత్తి, ఫోటోలు కడిగే హైపో తెచ్చేవాడట. రెండూ ఒకటే మందు. ఇప్పుడు ఫోటోలు కడిగేవాళ్లెవరు?

మేం చేరేసరికి చేని గట్టు మీద ఊళ్లో మిగిలినవాళ్లంతా ఉన్నారు. పెద్ద ఎద్దు అప్పటికే పోయింది. పుండుకు నేను మందు రాసింది దానికే. రెండోది పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటోంది. ముక్కు రంధ్రాలు ఇంతింత చేసి గాలి లాగుతోంది గానీ, ఆ గాలి ఎక్కడికీ పోవడం లేదు. దాని తల రైతు ఒళ్లో ఉంది. కాస్త దూరంలో బర్రె మోకాళ్ల మీద కూలి, నురగ కక్కుతూ అరుస్తోంది. పక్కింటామె దాని కొమ్ములు పట్టుకుని కూర్చుంది. ఆమె ఎవరినీ ఏమీ అడగడం లేదు. పిల్లలిద్దరూ ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డారు.

నేను సూది నింపాను. చెరి సగం వేద్దామా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. సగం మందుకు రెండూ దక్కవు. ఎద్దు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మెడ నరం కోసం వేలితో వెతుకుతూ, పైకి చూడకుండానే అన్నాను:

"మందు ఒకదానికే ఉందప్పా."

రైతు ఒళ్లోని తలను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. అతను అడిగిందేమీ లేదు. నేను ముందు అతని ఎద్దు దగ్గరికే వచ్చాను, పిలిచింది అతనే, అదే న్యాయమని అతని ముఖంలో ఉంది. నాకూ అలాగే అనిపించింది.

అప్పుడు అతని భార్య నా భుజం మీద చెయ్యి వేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది.

"బర్రెకు ఎయ్యి సార్."

రైతు తలెత్తాడు. "ఏమంటాండావే?"

"బర్రెకు ఎయ్యి అంటాండా."

"నోరు ముయ్. సార్, నువ్వు ఎయ్యి సార్. ఊపిరి ఉండాది, సూడు సార్, ఇంగా ఉండాది."

"ఇనుకో," అంది ఆమె. అతని ముందు బురదలో కూర్చుంది. "ఇది బతికితే ఏం జేస్తావు? ఒంటెద్దును కట్టి దున్నుతావా? దీనికి జత యాడ తెస్తావు? రేపు సంతలో కోతకు కొనేటోడు తప్ప ఎవుడు కొంటాడు దీన్ని? మన చేత్తో మనమే తోలియ్యల్ల. ఈడ్నే పోనీ. మన ఒళ్లోనే పోనీ." ఆ తర్వాత చెయ్యి అటు చూపించింది. పక్కింటామె పేరు కూడా ఎత్తలేదు. "దానికి అదొక్కటే ఉండాది. అది సస్తే ఆ పిల్లోళ్లను ఏసుకోని యాడికి పోతాది?"

అతను ఎద్దు తల మీదకు వంగిపోయాడు. అనుమతి ఇచ్చినట్టా, ఇవ్వనట్టా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆలోచించే సమయం కూడా లేదు. నేను లేచి బర్రె దగ్గరికి పోయి మందు ఎక్కించాను. ఎక్కుతున్నంతసేపూ ఆ ఎద్దు ఊపిరి లాగే చప్పుడు నా వీపుకు తగులుతూనే ఉంది.

మా అటెండరు ఊరికే ఉండలేక ఎవరింట్లోంచో బెల్లం తెప్పించి నీళ్లలో కలిపి ఎద్దు నోట్లో పోయడానికి చూశాడు. అది మింగే స్థితిలో లేదు. బెల్లం నీళ్లు రైతు పంచె మీద కారిపోయాయి. "తాగు రా నా అయ్యా, తాగు" అంటూ ఆ పెద్దాయన దాని గొంతు నిమురుతూనే ఉన్నాడు. అది ఎప్పుడు ఆగిపోయిందో చుట్టూ ఉన్నవాళ్లు నెమ్మదిగా తెలుసుకున్నారు. ఆయన మాత్రం ఇంకా కాసేపు నిమిరాడు.

బర్రె బతికింది. కొంతసేపటికి లేచి నిలబడి, వణుకుతూ, మళ్లీ ఆ జొన్న వైపే మూతి చాచింది. దాన్ని పక్కకు లాగడానికి నలుగురు కావలసి వచ్చారు.

పక్కింటామె వచ్చి రైతు భార్య కాళ్ల దగ్గర కూలబడింది. ఈమె వక్కాకు ఉమ్మేసి, ఆమె రెక్క పట్టి లేపి, పిల్లల ముఖాల మీది బురద తన చెంగుతో తుడిచింది.

ఇంతవరకే అయితే నేను ఆ అమ్మాయికి ఈ కథే చెప్పి ఉండేవాణ్ణి. కాఫీ చల్లారేలోపు అయిపోయేది, వినడానికి బాగుండేది.

పుబ్బలో పడిన ఆ వాన తర్వాత మళ్లీ చినుకు లేదు. శనగ వేద్దామనుకున్నవాళ్ల నేలలు పైన పెచ్చు కట్టి బిగుసుకున్నాయి. చెరువు కట్ట తెగిపోయినందువల్ల పడిన నీళ్లు కూడా నిలవలేదు. నాము మేసిన బర్రె వారం తిరక్కముందే ఈసుకుపోయింది. పిండం బయటపడింది. పాలు లేవు, మేత లేదు. ఒక నెల ఈడ్చి, ఆమె దాన్ని అమ్మేసింది. ఏ సంతకు, ఎవరికి అని నేను అడగలేదు. ఆ రైతు చచ్చిన ఎద్దుల్ని కోయనివ్వకుండా చేనిలోనే గొయ్యి తీసి పాతిపెట్టాడు. భార్యతో చాలా రోజులు మాట్లాడలేదని విన్నాను. ఎద్దులు లేవు గనక ఒట్టూ లేదు.

వాళ్లు సుగ్గికి పోయిన రోజు నేను అనుకోకుండా ఆ ఊళ్లో ఉన్నాను. ట్రక్కు రచ్చకట్ట దగ్గర నిలబడి ఉంది. సామానంతా ఎక్కింది. రైతు పైన, మూటల మధ్య, అటు తిరిగి కూర్చున్నాడు. రైతు భార్యా పక్కింటామే పక్క పక్కనే ఉన్నారు. పిల్లల్లో చిన్నవాడు రైతు భార్య ఒళ్లో ఉన్నాడు. నన్ను చూసి ఆమె చెయ్యి ఊపింది. దగ్గరికి పోయాను. "పోతున్నారా అమ్మా?" అన్నాను. కళ్లెదురుగా కనిపిస్తున్నదే అడిగాను.

"పోతాండాము సార్. ఇన్నేండ్లు వాన రాలేదని పోతా ఉంటిమి. ఈసారి వాన వచ్చిందని పోతాండాము."

నవ్వుతూనే అంది. ట్రక్కు కదిలాక కూడా ఆ నవ్వు అలాగే ఉంది. మా అటెండరు పక్కకు తిరిగి బీడీ ముట్టించుకోబోయి, అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరగ్గొట్టాడు.

రిటైరయ్యే ముందు నేను పై అధికారులకు ఆ మండలంలో మందులు ఎప్పుడూ నిల్వ ఉండాలని చెప్పాను. ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఎక్కువే పంపారని విన్నాను. పంపిన ఏడాది ఆ పక్క ఎవరూ జొన్న వేయలేదు. మేతకు వేసుకోవడానికి ఎద్దులు మిగలలేదు.

ఉద్యోగంలో చేరిన పిల్లలకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. రోగానికి మందు మీ సంచిలో ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ రోజు నా ముందు పడి ఉన్నది రోగం కాదని నాకు అప్పుడే తెలుసు. దేనికి మందు వేయాలో కూడా నాకు ఒక ఆడమనిషి చెప్పాల్సి వచ్చింది. ఆమె చెప్పింది సరైనదే. సరైనది చేసినా చివరికి ఎవరికీ ఏమీ దక్కలేదు. అలాంటి రోజులు మీకూ వస్తాయి. నా కంటే ఎక్కువ వస్తాయేమోనని భయంగా ఉంది.

ఆ సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. ఆ రైతే. మిరప తోటల్లోంచి మాట్లాడుతున్నాడు. అవతల పట్టా మీద నీళ్లు కొడుతున్న చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. తుపాను పట్టుకుందట. కోసి కల్లంలో ఆరబోసిన కాయలు నల్లబడుతున్నాయట, పని లేక అందరూ పట్టా కింద కూర్చున్నారట. ఎందుకు చేశాడో నాకు అర్థం కాలేదు. పని ఇప్పించమని కాదు, సాయం అడగడానికీ కాదు. ఎద్దుల మాట ఎత్తలేదు. చివరికి అడిగాడు:

"మన పక్క ఏమన్నా పడెనా సార్?"

నేను కిటికీలోంచి చూశాను. ఆకాశంలో ఎక్కడా మబ్బు తునక లేదు.

"లేదప్పా," అన్నాను.

"అట్లనా," అన్నాడు. వాన చప్పుడే వినిపించింది. "ఈడ వాన నిలిచేట్టు లేదు సార్" అని ఫోను పెట్టేశాడు.